ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర: ఆన్‌లైన్ దోస్తులతో మాట తెగకుండా చూసుకోవడం ఎలా

“మంచిగున్నవా?” “ఆఁ, మంచిగనే, నువ్వు?” “గంతే, నడుస్తుంది.” తర్వాత ఒక దండం బొమ్మ, తెల్లారి ఒక గుడ్ మార్నింగ్ గులాబీ, ఆపైన ఆరు నెలలు చప్పుడు లేదు. ఆన్‌లైన్‌లో పరిచయమైన దోస్తులలో ఎక్కువమంది ఇట్లాగే జారిపోతారు. కొట్లాడుకొని విడిపోయేవాళ్లు తక్కువ, ఏం అడగాలో తెలియక విడిపోయేవాళ్లే ఎక్కువ.

మాది ఆరుగురి జట్టు. 2020 లాక్‌డౌన్‌లో ఇంట్లో తోచక మిద్దెతోటల గ్రూపులో చేరినం, అక్కడ మొక్కలకు పట్టే పిండినల్లికి మందు అడుక్కుంటూ, పుంటికూర విత్తనాలు పోస్టులో పంపుకుంటూ కలిసినవాళ్లం. నేను హనుమకొండలో ఉంటాను. గోదావరిఖని అన్నది సింగరేణి ఉద్యోగం, సిరిసిల్ల వదినది మరమగ్గాల ఇల్లు, నర్సంపేట సారు రిటైరైన టీచరు, మెట్‌పల్లి తమ్ముడు ఇప్పుడు దుబాయ్‌లో ఉన్నాడు, ఆరో మనిషి న్యూజెర్సీలో ఉండే చెల్లె, పుట్టిల్లు కాజీపేట. ఆరుగురం ఒక్కసారి కూడా ఒకచోట కూడింది లేదు. అయినా ఎవరి మోకాలు ఎప్పుడు పట్టేస్తుందో, ఎవరి బీర తీగ ఎప్పుడు పూతకొచ్చిందో మాకు తెలుసు. అది ఊరికే రాలేదు, మధ్యలో రెండుసార్లు జట్టు చెదిరిపోయేదాకా వచ్చింది. ఏం చేస్తే నిలబడిందో, ఎక్కడ తప్పు చేసినమో వరుసగా రాస్తున్నాను. మీ దోస్తులకు సరిపడేది తీసుకోండి.

మొదటి పని: జట్టును చిన్నది చేయండి

రెండొందల మంది ఉన్న గ్రూపులో ఎవరూ తన కడుపునొప్పి గురించి చెప్పుకోరు. వాట్సాప్ కాల్‌లో 32 మందిని కలపొచ్చు నిజమే, కానీ అంతమందిని కలిపితే అది పెండ్లి పందిరే అవుతుంది. ఇద్దరు మాట్లాడతారు, మిగతావాళ్లు మైకు బంద్ పెట్టుకొని అన్నం తింటారు. నా లెక్కలో నలుగురి నుంచి ఏడుగురి దాకా సరి. నలుగురు ఉంటే ఒకరు రాకున్నా కాల్ నడుస్తుంది, ఏడుగురు దాటితే ఒకరి వంతు వచ్చేసరికి ఇంకొకరికి నిద్ర వస్తుంది.

పెద్ద గ్రూపు నుంచి ఎట్లా ఏరుకోవాలి? అందరి ముందు “ఎవరెవరు వస్తరు?” అని అడగకండి, రానివాళ్లు చిన్నబుచ్చుకుంటారు. ఎవరి మెసేజ్‌కి మీరు నిజంగా ఆగి జవాబు రాస్తారో చూసుకోండి, వాళ్లకు విడిగా రాయండి. “మనం నలుగురం ఆదివారం ఒక అరగంట మాట్లాడుకుందామా, మొక్కల ముచ్చట్లు, ఇంటి ముచ్చట్లు, ఇంకేం లేదు” అంటే చాలు. మొహమాటంతో సరే అన్నవాళ్లు రెండు వారాలకు తామే మానేస్తారు, వాళ్లను వెంటపడి పిలవొద్దు.

రెండో పని: రోజు, గంట, లింకు

“ఎప్పుడన్నా తీరిక ఉన్నప్పుడు మాట్లాడుకుందాం” అంటే ఎప్పుడూ మాట్లాడుకోరు. ఒక రోజు, ఒక గంట పెట్టుకోండి, అది కదలకూడదు. మాకు ఆదివారం రాత్రి 8:30 కుదిరింది. అప్పటికి దుబాయ్‌లో సాయంత్రం 7 గంటలు, తమ్ముడు బట్టలు ఉతుక్కొని, వండుకొని ఖాళీ అవుతాడు. న్యూజెర్సీలో పొద్దున, చెల్లె చాయ్ కప్పు పట్టుకొని కూర్చుంటుంది. గోదావరిఖని అన్నకు ఆదివారం డ్యూటీ పడితే రాడు, సెకండ్ షిఫ్ట్ అయితే ఇంటికొచ్చేసరికి అర్ధరాత్రి అవుతుంది. ఆ వారం ఆయన లేకుండానే నడిపిస్తాం, గంట మార్చం. మొదట్లో అన్న కోసం ఒకసారి, వదిన కోసం ఒకసారి మార్చి మార్చి, చివరికి అసలు టైమ్ ఏదో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. రెండుసార్లు చెదిరిపోబోయినం అన్నాను కదా, అందులో మొదటిది అదే.

అమెరికాలో మీవాళ్లుంటే ఒకటి గుర్తుపెట్టుకోండి. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకు జరుపుతారు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతారు. మన 8:30 అంటే న్యూజెర్సీలో ఎండాకాలం పొద్దున 11, చలికాలం పొద్దున 10. ఆ మార్పు జరిగేది సరిగ్గా ఆదివారమే, అంటే మా కాల్ రోజే. మొదటి ఏడు నవంబరులో చెల్లె తన లెక్కన 11కి తాపీగా వచ్చింది, ఇక్కడ 9:30 అయింది, మేం అప్పటికే ముగించి పక్కలు పరుచుకుంటున్నాం. పాపం ఒక్కతే ఖాళీ తెర ముందు ఇరవై నిమిషాలు కూర్చుందట. దీనికి మందు తేలికే: గూగుల్ క్యాలెండర్‌లో ఇండియా టైమ్‌తో ప్రతి ఆదివారం వచ్చేలా ఒకసారి పెట్టి అందరినీ అందులో కలిపితే, ఎవరి ఫోన్‌లో వాళ్ల ఊరి టైమ్ దానంతటదే సరిచూసుకొని చూపిస్తుంది. గూగుల్ మీట్ వీడియో కాల్ లింకు కూడా ప్రతి వారం అదే ఉంటుంది, వెతుక్కునే పని లేదు. ఆ లింకును వాట్సాప్ గ్రూపులో పైనే కనిపించేలా పిన్ చేయండి, కాకపోతే ఎక్కువలో ఎక్కువ 30 రోజులకు ఆ పిన్ ఊడిపోతుంది, నెలకోసారి మళ్లీ పెట్టాలి.

ఏ యాప్ అనేది మీ దోస్తులు ఎక్కడున్నారనేదాన్ని బట్టి. అందరూ ఇండియాలోనే ఉంటే వాట్సాప్ కాల్ చాలు, పెద్దవాళ్లకు అదే అలవాటు. కానీ దుబాయ్, అబుదాబి, షార్జాలలో వాట్సాప్ మెసేజ్‌లు పోతాయి గాని కాల్ కలవదు, అక్కడి రూల్ అది. మా తమ్ముడు ఎత్తడం లేదని మూడు వారాలు మనసులో కోపం పెట్టుకున్నాను, పాపం వాడికి అసలు కలవనే లేదు. గూగుల్ మీట్, జూమ్, బోటిమ్ అక్కడ నడుస్తాయి. మీట్‌లో ముగ్గురు గాని అంతకు ఎక్కువ గాని ఉంటే డబ్బు కట్టనివాళ్లకు 60 నిమిషాలకు కాల్ ఆగిపోతుంది, జూమ్‌లో 40కే. ఇది ఇబ్బంది అనుకున్నాం గాని మేలే అయింది. “నేను పోతా ఇగ” అని ముందు ఎవరు అనాలి అనే మొహమాటం లేదు, గూగులే అంటుంది.

బతుకమ్మ తొమ్మిది రోజులు పడే వారం, సంక్రాంతి, మేడారం జాతర వారం, ఎవరింట్లోనైనా పెండ్లి ఉన్న వారం కాల్ బంద్ అని ముందే చెప్పేసుకోండి. చెప్పి మానితే సెలవు అవుతుంది. చెప్పకుండా మానితే మరుసటి వారం కూడా పోతుంది.

మూడో పని: “ఎట్లున్నవ్” అని అడగడం మానేయండి

ఈ మొత్తం రాతలో ఒక్కటే చదువుతాం అంటే ఇదొక్కటి చదవండి.

గోదావరిఖని అన్నను నాలుగు నెలలు ప్రతి వారం నేనే అడిగాను, “అన్నా, ఎట్లున్నవ్?” అని. ప్రతి వారం ఒకటే జవాబు, “అంతా మంచిగనే చెల్లె.” ఒకరోజు నర్సంపేట సారు ఏదో యాదికొచ్చినట్టు అడిగారు: “బాబూ, దసరాకు కొత్త బూట్లు కొన్న అన్నవు, అలవాటైనయా, ఇంకా కరుస్తున్నయా?”

అన్న కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత, “కరిచింది సారూ. నెల దాటింది, మడమ దగ్గర పుండు, మాన్తలేదు. నొప్పి లేదు గద అని పట్టించుకోలే” అన్నాడు.

నొప్పి లేదు అన్న మాటకే సారు లేచి కూర్చున్నారు. నెల రోజులు మానని పుండు, అందులో నొప్పి తెలియకపోవడం, రెండూ కలిస్తే షుగర్ ఉందేమో చూసుకోవాలి, ఎందుకంటే ఏండ్ల తరబడి షుగర్ ఎక్కువగా ఉంటే పాదాల నరాలు మొద్దుబారతాయి. మరునాడే అన్న రక్తపరీక్ష చేయించుకున్నాడు. పరగడుపున 126 గాని ఆపైన గాని ఉంటే షుగర్ కింద లెక్క, ఆయనకు 240 వచ్చింది. నేను పదహారు వారాలు అడిగినా బయటపడనిది సారు బూట్ల గురించి అడిగితే బయటపడింది. చాలా రోజులు నాకు సిగ్గుగా అనిపించింది.

“ఎట్లున్నవ్” అన్నది పలకరింపు. దానికి జవాబు ముందే తయారుగా ఉంటుంది, నోరు తానే చెప్పేస్తుంది. బూట్లు, మగ్గం మోటారు, పిల్లగాని సైన్స్ పరీక్ష, కింది పోర్షన్‌వాళ్ల కుక్క, ఇలాంటివాటికి తయారు జవాబు ఉండదు, మనిషి ఆగి ఆలోచించి చెప్పాలి. ఆ చెప్పడంలోనే అసలు సంగతి జారి పడుతుంది.

మరి పోయిన వారం ఎవరేం చెప్పారో గుర్తుండొద్దా? నాకుండదు. అందుకే ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను, పిల్లల పాత రఫ్ బుక్కే. కాల్ అయిన వెంటనే, ఫోన్ చార్జింగ్‌కు పెట్టకముందే, ఒక్కొక్కరికి ఒక్క లైను రాస్తాను. మొన్నటి పేజీ ఇట్లా ఉంది:

వదిన – చిన్నోడి హాస్టల్, అన్నం నచ్చట్లేదట. కుడి చేతి బొటనవేలు వాపు.
తమ్ముడు – కొత్త రూమ్‌కు మారుతుండు, 15 తారీకు. పుదీనా డబ్బా తీసుకపోనిస్తరో లేదో.
సారు – కంటి పరీక్ష గురువారం.
చెల్లె – మంచు. మెంతి మొలవలే.
అన్న – రాలే, డ్యూటీ.

వచ్చే ఆదివారం కాల్‌కు ముందు ఈ ఐదు లైన్లు చూసుకుంటే ఐదు ప్రశ్నలు తయారు. “తమ్మీ, పుదీనా డబ్బా పోనిచ్చిండ్రా?” అంటే వాడు పది నిమిషాలు ఆపడు, రూమ్ ఎట్లుంది, తోటివాళ్లెవరు, వంట ఎవరు చేస్తున్నారు, అన్నీ చెప్పేస్తాడు. ఈ నోట్‌బుక్ సంగతి మావాళ్లకు రెండేండ్ల దాకా తెలియదు, నాకు జ్ఞాపకశక్తి ఎక్కువ అనుకున్నారు. తెలిశాక వదిన కూడా ఒకటి పెట్టుకుంది. ఇందులో మోసమేమీ లేదు, మొక్కకు నీళ్లెప్పుడు పోసినమో గోడ మీద సుద్దతో గీత గీసుకోమా?

ఒక జాగ్రత్త. కొన్ని సంగతులు అందరి ముందు అడిగేవి కావు. సంతానం, అప్పు, అత్తగారింటి గొడవ, ఉద్యోగం పోయిన సంగతి మీకు విడిగా చెప్పినవైతే కాల్‌లో ఎత్తకండి. నా బుక్కులో అట్లాంటివాటి పక్కన ఒక చుక్క పెడతాను. చుక్క ఉంటే విడిగా ఫోన్.

నాలుగో పని: ఆరోగ్యం ముచ్చట, హద్దు తెలిసి

నలభై దాటినవాళ్లు కలిస్తే ఆరోగ్యం ముచ్చట రాకుండా ఉండదు. రానివ్వండి. కాకపోతే అది రెండు విధాలుగా చెడుతుంది: ఒకటి కాల్ మొత్తం ఆస్పత్రి వరండాలాగా అయిపోవడం, రెండోది అందరూ డాక్టర్లైపోవడం.

మొదటిదానికి మేం పెట్టుకున్న రూల్, మొదటి పావుగంటలోనే ఒంటి సంగతులు ముగించాలి. నొప్పులతో ముగిస్తే కాల్ అయినాక అందరికీ దిగులే మిగులుతుంది.

రెండోదానికి రూల్ ఇంకా గట్టిది. “నాకు ఆ గోలీతో తగ్గింది, నువ్వు కూడా ఏస్కో” అన్న మాట మా కాల్‌లో నిషేధం. నొప్పి గోలీలనే తీసుకోండి, డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బీపీ పెంచుతాయి, కిడ్నీ ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇంకా చేటు. నాకు మోకాలికి పనిచేసింది సారు కిడ్నీకి ఏం చేస్తుందో నాకేం తెలుసు? దోస్తు చేయగలిగిన పని వేరే ఉంది. పరీక్ష తేదీ గుర్తుచేయడం, రిపోర్టు తెచ్చుకున్నావా అని అడగడం, డాక్టర్ దగ్గర ఏం అడగాలో మూడు ప్రశ్నలు కాగితం మీద రాయించడం. అన్నకు షుగర్ అని తేలినాక మేం రాయించిన మూడు ఇవి: ఈ గోలీ అన్నం తినకముందా తిన్న తర్వాతనా, నైట్ షిఫ్ట్ ఉన్న రోజు ఎప్పుడు వేసుకోవాలి, హెచ్‌బీఏ1సీ మళ్లీ ఎప్పుడు చేయించాలి. రెండో ప్రశ్న డాక్టరుకు తట్టలేదట, అన్నకు నైట్ డ్యూటీలు ఉంటాయని ఆయనకు తెలియదు కదా. హెచ్‌బీఏ1సీ అంటే దాదాపు మూడు నెలల షుగర్ సగటు, 6.5 గాని ఆపైన గాని ఉంటే షుగర్ కింద లెక్క. పరీక్షకు ముందు రెండు రోజులు తీపి మానేసి తప్పించుకోవడం దీనితో కుదరదు, మా అన్న ప్రయత్నించి చూశాడు.

బీపీ కథ ఒకటి చెప్పాలి. వదిన కొత్తగా బీపీ మిషన్ కొన్నది. కాల్‌లో మాకు చూపించుకుంటూ, మాట్లాడుకుంటూ చేతికి పట్టీ చుట్టి బటన్ నొక్కింది. 158 బై 96. ఆమె ముఖం పాలిపోయింది, మాకందరికీ టెన్షన్. చెల్లె మాత్రం నిదానంగా, “వదినా, మైక్ బంద్ చేయ్, కుర్చీకి వీపు ఆనించి కూర్చో, కాలు మీద కాలు తియ్యి, ఐదు నిమిషాలు ఏం మాట్లాడకు” అన్నది. ఐదు నిమిషాలు మేం ఐదుగురం వదిన సైలెంటుగా గోడ వైపు చూస్తుంటే చూస్తూ కూర్చున్నాం. మళ్లీ కొలిస్తే 134 బై 84. బీపీ చూసుకోవడానికి అరగంట ముందు నుంచి చాయ్, కాఫీ, సిగరెట్ వద్దు, మూత్రం ఆపుకొని కూర్చోవద్దు, పాదాలు నేలకు ఆనాలి, చేయి బల్ల మీద గుండె ఎత్తున ఉండాలి, కొలిచేటప్పుడు మాట్లాడొద్దు. కాబట్టి కాల్‌లో బీపీ చూసుకోకండి. పొద్దునో సాయంత్రమో, వారం పాటు ఒకే వేళకు చూసి కాగితం మీద రాసి, ఆ కాగితం డాక్టరుకు చూపించండి. 140 బై 90 దగ్గరో, ఆ పైనో పదేపదే వస్తుంటే ఆలస్యం చేయొద్దు.

మనసు సంగతి కూడా ఒంటి సంగతే. దుబాయ్ తమ్ముడు ఒక దశలో కెమెరా పెట్టడం మానేశాడు, “నెట్ బాలేదక్కా” అనేవాడు. నెట్ బాగానే ఉంది, వాడే బాగాలేడు. నిద్ర లేదు, తిండి సయించట్లేదు, ఎవరితో మాట్లాడబుద్ధి కాదు. ఇట్లాంటప్పుడు అందరూ కలిసి నీతులు చెబితే ఇంకా ముడుచుకుపోతారు. ఒక్కరే ఫోన్ చేసి వినాలి. ఇండియాలో ఉన్నవాళ్లయితే 14416కు ఫోన్ చేయొచ్చు, టెలి మానస్ అంటారు, ఉచితం, 24 గంటలు ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. విదేశంలో ఉన్నవాళ్లకు అక్కడే డాక్టరును చూసుకోవాలి, మా తమ్ముణ్ని వాళ్ల కంపెనీ క్లినిక్‌కు పంపడానికి మూడు వారాలు బతిమాలినాం.

ఐదో పని: ఇంటి నంబరు ఒకటి తీసుకోండి

దీన్ని ఎవరూ చేయరు, మేమూ మూడేండ్ల దాకా చేయలేదు. మీ ఆన్‌లైన్ దోస్తు కాల్ మధ్యలో కుప్పకూలితే మీరేం చేస్తారు? మీ దగ్గరున్నది ఒక్క నంబరే, అది పడిపోయిన మనిషి చేతిలో ఉంది.

ఒక్కొక్కరి దగ్గర ఈ మూడు తీసుకొని ఫోన్‌లో, నోట్‌బుక్కులో కూడా రాసుకోండి: ఇంట్లోనో పక్కింట్లోనో ఒకరి నంబరు, ఇంటి గుర్తు ఏదో ఒకటి, ఉన్న జబ్బుతో పాటు వేసుకునే మందుల పేర్లు. తెలంగాణలో ఎక్కడున్నా 108కి మీరే ఫోన్ చేసి దోస్తు ఊరు, వాడ చెప్పొచ్చు. “గోదావరిఖని, ఫలానా కాలనీ, ఫలానా గుడి వెనక” అని చెప్పగలగాలి, అందుకే గుర్తు. దుబాయ్‌లో అంబులెన్స్ 998, అమెరికాలో 911, కానీ ఇక్కడి నుంచి కొడితే అవి కలవవు, కాబట్టి తమ్ముడి రూమ్మేట్ నంబరు, చెల్లె పక్కింటావిడ నంబరు ఉండాల్సిందే.

వీడియో కాల్‌లో మన కంటికి కనిపించేది ఒకటుంది. మాట్లాడుతుండగానే ముఖం ఒక పక్కకు జారినట్టు అనిపించినా, మాట ముద్దగా వచ్చినా నెట్ ఆగిందేమో అనుకొని వదిలేయకండి. “రెండు చేతులు పైకెత్తి చూపియ్యి” అనండి. ఒక చేయి పడిపోతుంటే అది పక్షవాతం కావొచ్చు. అనుమానం ఉంటే వెంటనే మామూలు ఫోన్ చేసి మాట విని చూడండి, ఇంట్లోవాళ్లకు ఇంకొకరు చేయాలి. ఎన్ని గంటలకు మొదలైందో గడియారం చూసి రాసుకోండి, ఆస్పత్రిలో అడిగే మొదటి ప్రశ్న అదే, ఎందుకంటే మెదడు నాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. పక్కన మనిషి లేకుండా పడిపోయినవాళ్ల విషయంలో ఆ గంట చెప్పేవాళ్లే ఉండరు. కాల్‌లో ఉన్నవాళ్లయితే చెప్పగలరు.

ఆరో పని: ముఖం చూపింది చాలు, చేతులు చూపించండి

ముఖాలు చూసుకుంటూ గంటసేపు మాట్లాడడం కష్టం, ఒప్పుకోండి. పదిహేను నిమిషాలకు మాటలు అయిపోతాయి, ఒకరినొకరు చూసి నవ్వుకుంటూ కూర్చుంటాం. చేతికి పని ఉంటే మాట దానంతటది వస్తుంది, ఇరుగుపొరుగు అరుగు మీద చిక్కుడుకాయలు గిల్లుకుంటూ మాట్లాడుకున్నట్టు. నెలకు రెండు కాల్స్ మేం పనితోనే పెట్టుకుంటాం, ఒకరు చేస్తారు, మిగతావాళ్లు చూస్తారు, వీలైతే చేస్తారు.

పోయిన సంక్రాంతి ముందు చెల్లెకు సకినాల మీద మనసు పుట్టింది. అక్కడ దుకాణంలో బియ్యప్పిండి ప్యాకెట్ తెచ్చి కలిపిందట, చుడుతుంటే ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. కెమెరాలో తన ముఖమే కనిపిస్తుంది, కండ్లల్లో నీళ్లు తిరగడం ఒక్కటే తక్కువ. సిరిసిల్ల వదిన అన్నది, “ముఖం ఎందుకు, చేయి చూపియ్యి.” చెల్లె ఫోన్‌ను పప్పు డబ్బాకు ఆనించి కిందికి వంచింది. అప్పుడు తెలిసింది. పొడి పిండి అది, సకినాలకు పనికిరాదు. బియ్యం రాత్రంతా నానబెట్టి, నీళ్లు వార్చి, తడి మీదనే పిండి పట్టాలి. మరుసటి ఆదివారం మళ్లీ కూర్చున్నాం. చెల్లె నానిన బియ్యాన్ని మిక్సీలో పట్టి జల్లించింది, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలిపింది. ఈసారి పిండి గట్టిగా అయింది, వదిన తెరలోనే గుర్తుపట్టి, “ఇంకో రెండు చుక్కల నీళ్లు, ఆఁ, చాలు, వేళ్ల సందుల నుంచి దారం జారినట్టు జారాలె” అన్నది. తెల్లటి నూలు బట్ట పరిచి దాని మీద చుట్టమంది. మొదటి సకినం కోడిగుడ్డు ఆకారంలో వచ్చింది, నాలుగోది గుండ్రంగా వచ్చింది. చుట్టినవెంటనే నూనెలో వేయనివ్వలేదు, తడి బట్టకు గుంజుకునేదాకా ఆరాలి, లేకుంటే నూనెలో పేలుతాయి. 60 నిమిషాలు అయిపోయి కాల్ తెగింది, మళ్లీ కలిపినం, మళ్లీ తెగింది. మూడో కాల్‌లో అవి వేగాయి, తెల్లగానే తీసింది, ఎర్రగా కాలిస్తే సకినం కాదు.

ఆ మూడు గంటలలో చెల్లె తన ఉద్యోగం సంగతి, అమ్మ మోకాలి ఆపరేషన్ సంగతి, ఇక్కడికి వచ్చేద్దామా అన్న ఆలోచన సంగతి, మేం ఏమీ అడగకుండానే చెప్పింది.

మిగతావాళ్ల పనులు వేరు. సారు పాకాల చెరువు దాకా పోయి ఫోన్‌తో పిట్టల ఫొటోలు తీస్తారు, కొంగ తప్ప నాకేదీ పోల్చుకోరాదు, అయినా చూస్తాను. నేను కుండీలు చూపిస్తాను. పిండినల్లి పట్టిన మందార కొమ్మను కెమెరాకు దగ్గరగా పెట్టి తిప్పితే ఆకు వెనక తెల్ల పత్తి ఉందో లేదో అందరికీ కనిపిస్తుంది. లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం ఎండ పోయినాక చల్లుతాను, వారానికోసారి. కొందరికి ఇట్లాంటి సోకు, సరదా ఏదీ ఉండదు, వాళ్లను బలవంతపెట్టొద్దు. గోదావరిఖని అన్న ఇప్పుడు షుగర్ కోసం నడుస్తున్నాడు, చెవిలో పెట్టుకొని నడుస్తూ వింటాడు, ఆయన ఆయాసం మాకందరికీ వినిపిస్తుంది. అదే ఆయన సోకు అనుకుంటున్నాం.

ఏడో పని: తలుపు బయట ఉంచాల్సినవి

ఫార్వర్డులు, ఓట్ల కాలపు కొట్లాటలు, చిట్టీలు, “ఈ స్కీములో చేరు” అనడం. వీటిలో ఏ ఒక్కటైనా లోపలికి వస్తే కాల్ ఆరు నెలలు బతకదు, మేం రెండోసారి చెదిరిపోబోయింది ఎన్నికలప్పుడే. ఆ కథ చెప్పను, ఇద్దరూ ఇది చదువుతారు.

డబ్బు గురించి ఒక్క మాట. ఏ దోస్తు పేరుతోనైనా అర్జెంటుగా డబ్బు పంపమని మెసేజ్ వస్తే, అది ఎంత నిజమనిపించినా ముందు మామూలు ఫోన్ చేసి గొంతు వినండి. గొంతు మీద కూడా అనుమానం వస్తే పోయిన ఆదివారం సంగతి ఒకటి అడగండి, పుదీనా డబ్బా ఏమైంది అని. డబ్బు పోయినట్టయితే వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

ఎనిమిదో పని: ఒకరు మాయమైతే

మాయమవుతారు. ప్రతి జట్టులో ఏడాదికొకరు మాయమవుతారు. మొదటి వారం ఏమీ చేయకండి. రెండో వారం విడిగా ఒక మెసేజ్, అందులో ప్రశ్న ఉండకూడదు, జవాబు రాయాల్సిన బరువు వాళ్ల మీద పడకూడదు. “సారు ఇవాళ నెమలి ఫొటో చూపించిండు, నువ్వుంటే నవ్వేటోనివి” అని రాసి ఊరుకోవాలి. మూడో వారం కూడా చప్పుడు లేకపోతే ఒకరే, ఎక్కువ చనువున్నవాళ్లు ఫోన్ చేయాలి. గ్రూపులో “ఎక్కడున్నవ్? మర్చిపోయినవా?” అని అందరూ ఒకేసారి మీద పడితే, రావాలనుకున్నవాళ్లు కూడా సిగ్గుపడి రారు.

తిరిగొచ్చిన రోజు లెక్క అడగొద్దు, ఎన్ని వారాలు రాలేదో ఎంచొద్దు. మధ్యలో ఏం జరిగిందో మీరే చెప్పండి. అన్న పుండు మానేదాకా రెండు నెలలు రాలేదు. వచ్చిన రాత్రి కెమెరా పెట్టకుండా, గొంతు తగ్గించి, “ఉన్నరా అందరూ?” అన్నాడు. ఎవరూ ఏమీ అనకముందే వదిన అందుకుంది: “ఉన్నం గని అన్నా, నువ్వు పంపిన బీర విత్తులు మొల్సినయ్, తీగ కరెంటు తీగ దాకా పోయింది, ఇప్పుడేం జేయాలె, కత్తిరించాల్నా?”

“వద్దు వద్దు, కత్తిరియ్యకు,” అన్నాడు అన్న, కెమెరా పెట్టేశాడు. “ఏదీ, చూపియ్యి.”